నాన్నగారి హెల్త్ ప్యాకేజీలో పీఎస్‌ఏ ఉంచాలా, తీసేయాలా?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల హెల్త్ ప్యాకేజీ బుక్ చేసేది కొడుకో, కూతురో, కోడలో. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో నాన్నగారు వస్తారు, నాలుగు రోజులు ఉంటారు. ఒక పొద్దున ల్యాబ్ అబ్బాయి వచ్చి పరగడుపున రక్తం తీసుకెళ్తాడు. సాయంత్రానికి ఫోన్‌లో పేజీలకు పేజీలు రిపోర్టు. అందులో ఎక్కడో పీఎస్‌ఏ (మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే రక్త పరీక్ష) 6.2 అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

షుగర్ ఎక్కువొస్తే ఏం చేయాలో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పీఎస్‌ఏ ఎక్కువొస్తే ఏం చేయాలన్నది మాత్రం రక్తం ఇవ్వకముందే మాట్లాడుకుని ఉండాలి. ఎంఆర్ఐకి వెళ్తామా? అవసరమైతే బయాప్సీకి, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడానికి, సిద్ధమేనా? చిన్న క్యాన్సర్ బయటపడితే వైద్యం మొదలుపెట్టకుండా కనిపెట్టుకుని ఉండే ఓపిక ఇంట్లో ఉందా? వీటి గురించి ఏమీ అనుకోనప్పుడు ఆ పరీక్షను ప్యాకేజీలోంచి తీసేయమని చెప్పడమే మేలని నేను అంటాను. ప్యాకేజీలో ఎలాగూ ఉందని చేయించేయడం దీనికి సరిపడే కారణం కాదు.

ఆ అంకె దేన్ని కొలుస్తుంది

ప్రోస్టేట్ అనేది మగవాళ్లకు మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, యాభై దాటాక చాలామందికి పెరుగుతుంది. పీఎస్‌ఏ ఈ గ్రంథి తయారుచేసే ప్రొటీన్. రక్తంలో దాని మోతాదు క్యాన్సర్ ఉన్నా పెరుగుతుంది, గ్రంథి వయసుతో ఉబ్బినా పెరుగుతుంది, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు అన్న పాత గీతే ఇప్పటికీ రిపోర్టుల్లో అచ్చవుతోంది. 4కూ 10కీ మధ్య వచ్చినవాళ్లకు బయాప్సీ చేస్తే సుమారుగా నలుగురిలో ఒకరికే క్యాన్సర్ కనిపిస్తుంది. 4 లోపు ఉండి కూడా క్యాన్సర్ ఉన్నవాళ్లూ లేకపోలేదు.

రాత్రిళ్లు మూడుసార్లు ఒంటేలుకు లేవడం, ధార సన్నబడటం చూసి క్యాన్సరేమో అని భయపడతారు. చాలావరకు అది గ్రంథి ఉబ్బడం వల్లే. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి అంచున మొదలవుతుంది కాబట్టి తొలి దశలో మూత్రనాళాన్ని నొక్కదు, ఏ ఇబ్బందీ ఉండదు. అంటే ఇబ్బంది ఉంది కాబట్టి క్యాన్సర్ అనుకోవడమూ, ఇబ్బంది లేదు కాబట్టి క్యాన్సర్ లేదనుకోవడమూ రెండూ తప్పే. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘ప్రోస్టాటోమెగలీ గ్రేడ్ 1’ అని రాసి ఉంటే గ్రంథి కాస్త పెరిగిందని మాత్రమే అర్థం. ఆ స్కాన్ క్యాన్సర్ ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు.

ఒంటేల్లో రక్తం పడుతున్నా, నడుములోనో తుంటిలోనో తగ్గని ఎముక నొప్పి ఉన్నా ప్యాకేజీల గురించి ఆలోచించొద్దు. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చేయిస్తే లాభమెంత, నష్టమెంత

దీని మీద ఉన్న పెద్ద పరిశోధన యూరప్‌ది. 1993లో మొదలై, 8 దేశాల్లో 55 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు 1,60,000 మందికి పైగా ఉన్నారు. 23 ఏళ్ల తర్వాతి ఫలితాలు 2025లో వచ్చాయి. పీఎస్‌ఏకు పిలిచిన గుంపులో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 13 శాతం తక్కువ. విడమరిచి చెప్తే, 456 మందిని పరీక్షకు పిలిస్తే ఒక మరణం తప్పింది. పిలవని గుంపుతో పోలిస్తే అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉందని తేలితే, వాళ్లలో ఒకరి ప్రాణం నిలిచింది.

మిగతా పదకొండుమంది సంగతే అసలు ప్రశ్న. వాళ్లలో చాలామందికి ఆ క్యాన్సర్ ఉన్నట్టు తెలియకపోయినా బతుకు అలాగే సాగిపోయేది. తెలిసింది కాబట్టి ఆసుపత్రులు, ఆపరేషన్లు, భయం. అమెరికా నిపుణుల బృందం 2012లో ఈ పరీక్ష ఎవరికీ వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 మధ్యవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి తమకు తామే నిర్ణయించుకోవాలంది. 70 దాటినవాళ్లకు మాత్రం వద్దనే అంది.

ఆ వయసు గీతకూ ఒక వెల ఉంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు 2025 మే నెలలో ఈ క్యాన్సర్ బయటపడేసరికే ఎముకలకు పాకింది. ఆయన చివరిసారి పీఎస్‌ఏ చేయించుకున్నది 2014లో అని ఆయన ప్రతినిధి చెప్పారు.

మన దేశంలో ప్రభుత్వం అందరికీ చేయాలనుకున్న క్యాన్సర్ పరీక్షలు మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ప్రోస్టేట్ అందులో లేదు. కనుక ఫలానా వయసులో రమ్మని ఎవరూ పిలవరు, మనమే తేల్చుకోవాలి. యూరప్ అంత ఎక్కువగా ఈ జబ్బు మన దగ్గర లేదు, కాబట్టి ఆ అంకెలు ఇక్కడికి అచ్చంగా అతకవు. అలాగని తీసిపారేసేదీ కాదు. 1982 నుంచి కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి లెక్కగడుతున్న బెంగళూరు క్యాన్సర్ రిజిస్ట్రీలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ప్రోస్టేట్ ముందు వరుసలోనే ఉంది. పైగా మన దగ్గర చాలామంది ముదిరిన తర్వాతే వస్తున్నారు.

ఎవరికి ఏది

మీకు 50 నుంచి 69 మధ్య వయసు, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు, ఆరోగ్యం బాగానే ఉంది. ఒకసారి డాక్టర్‌తో మాట్లాడి పీఎస్‌ఏ చేయించుకోవడం సబబైన పనే. నేనైతే చేయించుకోమనే చెప్తాను. కానీ అందరికీ ఏటేటా అక్కర్లేదు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లెక్క ప్రకారం 2.5 లోపు వస్తే రెండేళ్లకోసారి చాలు, అంతకు మించితే ఏటా. అరవయ్యో ఏట 1 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చినవాళ్లు ఈ క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం చాలా చాలా తక్కువ. వాళ్లు ఈ విషయం పక్కనపెట్టి బీపీ, షుగర్ చూసుకోవచ్చు.

తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు దాదాపు రెట్టింపు. అలాంటివాళ్లు 45 నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ మన ఇళ్లలో అడగని ప్రశ్న ఒకటుంది: ఇంట్లో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ గానీ, అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా? బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే ఆడవాళ్లకు ఆ జబ్బులూ, మగవాళ్లకు ముదురు రకం ప్రోస్టేట్ క్యాన్సరూ రావచ్చు. మేనత్తకో, పిన్నికో, అమ్మమ్మకో చిన్న వయసులో వచ్చిందంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి. జన్యు పరీక్షలో లోపం తేలిన మగవాళ్లు 40 నుంచే పీఎస్‌ఏ మొదలుపెడతారు.

నాన్నగారికి 75. గుండెకు స్టెంట్ ఉంది, షుగర్ ఉంది, మెట్లెక్కితే ఆయాసం. ప్యాకేజీలోంచి తీసేయండి. నెమ్మదిగా పెరిగే ఈ జబ్బును వెతికిపట్టుకుంటే లాభం కనబడటానికి పదేళ్లకు పైనే పడుతుంది, బయాప్సీ కష్టం మాత్రం ఈ నెలలోనే. అదే నాన్నగారికి 71, ఏ మందులూ లేవు, రోజూ పొలం చుట్టి వస్తారు, ఆయన తండ్రి తొంభై దాకా బతికారు అంటే నేను గీత గీసి వద్దనను. అలాంటప్పుడు ల్యాబ్ కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఐటీ కంపెనీల వార్షిక చెకప్‌లో ముప్పై అయిదేళ్ల కుర్రాడికి కూడా పీఎస్‌ఏ పెడుతుంటారు. అది ప్యాకేజీలో పరీక్షల సంఖ్య పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇక నేరుగా ఎంఆర్ఐ చేయించేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. పీఎస్‌ఏ వందల్లో అయిపోతుంది, ఎంఆర్ఐ వేలల్లో. డబ్బు సంగతి వదిలేసినా, పీఎస్‌ఏ మామూలుగా ఉన్నవాళ్లకు ముందే ఎంఆర్ఐ తీస్తే ఏదో ఒక అనుమానపు మచ్చ కనబడి అక్కర్లేని బయాప్సీకి దారితీస్తుంది. మలద్వారంలోంచి వేలితో ప్రోస్టేట్‌ను తడిమి చూసే పరీక్షంటే మగవాళ్లు బెదిరిపోయి యూరాలజిస్ట్ (మూత్ర సమస్యల డాక్టర్) దగ్గరికే రారు. తొలి వడపోతకు అది లేకపోయినా నడుస్తుంది. పీఎస్‌ఏ ఎక్కువొచ్చాక మాత్రం వద్దనొద్దు, నిమిషం కూడా పట్టదు.

ఎక్కువొచ్చింది. ఇప్పుడు?

మొదటి పని, మళ్లీ చేయించడం. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో. చాలామందికి రెండోసారి దానంతటదే తగ్గుతుంది. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు వీర్యం పోకుండా చూసుకోవాలి, సైకిల్ తొక్కొద్దు. శనివారం నంది హిల్స్ దాకా తొక్కి ఆదివారం రక్తం ఇచ్చే బెంగళూరు అలవాటు ఇక్కడ పనికిరాదు. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ, మూత్రానికి పైపు వేసి తీసిన కొత్తలోనూ చేయిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకోటి. ప్రోస్టేట్ ఉబ్బుకి ఇచ్చే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు ఆరు నెలలు వాడేసరికి పీఎస్‌ఏను సగానికి దించుతాయి. రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6 అని చదవాలి. జుట్టు రాలకుండా వాడే తక్కువ మోతాదు ఫినాస్టరైడ్ కూడా ఇదే పని చేస్తుంది. యాభై దాటినా జుట్టు కోసం మాత్ర మింగుతున్న సంగతి డాక్టర్ దగ్గర దాచేవాళ్లకు ఈ ముక్క ప్రత్యేకంగా.

రెండోసారీ ఎక్కువే వస్తే దారులు మూడు. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు ఫ్రీ పీఎస్‌ఏ అనే ఇంకో రక్త పరీక్ష ఉంది. మొత్తం పీఎస్‌ఏలో ఫ్రీ వాటా 25 శాతం దాటితే అనుమానం తగ్గుతుంది, 10 శాతం లోపైతే పెరుగుతుంది. చవకే, కానీ మధ్యలో ఎక్కడో 16 శాతం అని వస్తే మొదటికే వస్తాం. రెండోది నేరుగా బయాప్సీ. మూడోది ముందు ఎంఆర్ఐ, అందులో అనుమానం ఉంటేనే బయాప్సీ.

డబ్బు పెట్టగలిగితే మూడోదే నయం. 500 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ముందు ఎంఆర్ఐ తీసిన గుంపులో పట్టించుకోవాల్సిన క్యాన్సర్ 38 శాతం మందిలో దొరికింది, నేరుగా బయాప్సీ చేసిన గుంపులో 26 శాతం మందిలో. పట్టించుకోనక్కర్లేని చిన్న క్యాన్సర్లేమో మొదటి గుంపులో 9 శాతం, రెండో గుంపులో 22 శాతం. ప్రమాదమైనవి ఎక్కువ దొరికాయి, అక్కర్లేనివి తక్కువ బయటపడ్డాయి, పైగా కొంతమందికి సూదే తప్పింది. ఎంఆర్ఐ రిపోర్టులో పైరాడ్స్ అని, అనుమానం ఎంతో చెప్పే అంకె 1 నుంచి 5 దాకా ఒకటి ఉంటుంది. 1, 2 అయితే చాలామంది ఆగిపోవచ్చు, 4, 5 అయితే బయాప్సీ తప్పదు, 3 అయితే డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాలి. బయాప్సీ అయ్యాక తీసిన ఎంఆర్ఐలో రక్తపు మరకలు కలిసి చిత్రం చెడుతుంది, అందుకే వరుస తారుమారు కాకూడదు. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ సరిగా లేకపోయినా స్కాన్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి.

బయాప్సీలో సూదిని మలద్వారం గుండా పంపుతారు, లేదా వృషణాల వెనకున్న చర్మం గుండా పంపుతారు. రెండో పద్ధతిలో ఇన్ఫెక్షన్ భయం తక్కువ. యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవులు ఎక్కువైన మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. మీ ఆసుపత్రిలో ఏ పద్ధతో అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మానేయొద్దు. తర్వాత కొన్ని వారాలు వీర్యంలో రక్తం చార కనిపిస్తుంది. చెప్పకపోతే హడలిపోతారు కాబట్టి చెప్తున్నాను.

చిన్న క్యాన్సరే ఉంది, ఇంట్లో మాత్రం పెద్ద గొడవ

బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత ముదురు రకమో చెప్పే అంకె) 6 అని ఉంటే అది అన్నిటికన్నా మెతక రకం. దానికి ఇప్పుడు ప్రపంచమంతా చెప్పే మొదటి మాట, కనిపెట్టుకుని ఉండండి అని. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, అప్పుడప్పుడు ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీ, పెరుగుతున్నట్టు తేలితే అప్పుడు వైద్యం. బ్రిటన్‌లో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకుని ఉండటం అని మూడు గుంపులు చేసి 15 ఏళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది: ఏ గుంపులో చూసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురికి అటూ ఇటూ. అయితే కనిపెట్టుకున్న గుంపులో జబ్బు వేరేచోటికి పాకడం కొంత ఎక్కువే. అందుకే ‘కనిపెట్టుకోవడం’ అంటే నిజంగా కనిపెట్టుకోవాలి, ఊరికెళ్లి మూడేళ్లు మర్చిపోవడం కాదు. చెకప్‌కి రారని ముందే తెలిసిన మనిషికి ఈ దారి నప్పదు.

బంధువులు ఈ లెక్కలు వినరు. ‘క్యాన్సర్ అన్నాక ఒంట్లో ఉంచుకోవడమేంటి, తీయించేయండి’ అంటారు. తీయిస్తే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. ఆపరేషన్ తర్వాత కొందరికి దగ్గినా తుమ్మినా ఒంటేలు కారుతుంది, కొన్నాళ్లు ప్యాడ్ పెట్టుకోవాలి. అంగస్తంభన తగ్గుతుంది, అసలు రాకపోవచ్చు కూడా. రేడియేషన్‌తో మలవిసర్జన ఇబ్బందులు రావచ్చు. ఈ మాటలు తండ్రి కొడుకు ముందు అడగడు, కోడలు పక్కన ఉంటే నోరే తెరవడు. డాక్టర్ గదిలోంచి మీరు ఓ పది నిమిషాలు బయటికి రండి. అమ్మ లోపలే ఉండొచ్చు. బెంగళూరులో తెలుగు మాట్లాడే యూరాలజిస్టులకు కొదవ లేదు, ఆయన భాషలో ఆయన్నే అడగనివ్వండి.

గ్లీసన్ 7 నుంచి లెక్క మారుతుంది, 8 గానీ ఆపైన గానీ అయితే వైద్యం గురించే మాట్లాడుకోవాలి. ఏదైనా ఒక వారం ఆగి రెండో అభిప్రాయం తీసుకోవడానికి వీలుంటుంది. ఆపరేషన్ చేసే డాక్టర్‌నీ, రేడియేషన్ ఇచ్చే డాక్టర్‌నీ ఇద్దరినీ కలవండి. ఎవరి పనిముట్టు మీద వాళ్లకు మక్కువ ఉండటం సహజం.

రాకుండా ఆపేది ఏదైనా ఉందా

కొనుక్కునేదేదీ లేదు. విటమిన్ ఇ, సెలీనియం మాత్రల మీద అమెరికాలో 35,000 మందితో పెద్ద పరీక్ష జరిగింది. 2011లో తేలిందేమంటే, విటమిన్ ఇ ఒక్కటే వాడినవాళ్లలో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. కాబట్టి ‘ప్రోస్టేట్ హెల్త్’ అని అట్ట మీద రాసి ఉన్న డబ్బా చూడగానే కొనేయకండి. సా పాల్మెటో అనే మూలిక మాత్రలు ఒంటేలు ఇబ్బందికే సరిగా పనిచేయవు, క్యాన్సర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫినాస్టరైడ్ ఈ క్యాన్సర్‌ను సుమారు పాతిక శాతం తగ్గిస్తుందని 2003లోనే తేలింది కానీ, నివారణ మందుగా దానికి అనుమతి లేదు. టమాటా పప్పు తినండి, బావుంటుంది. మందనుకుని మాత్రం తినకండి.

సిగరెట్ మానడం, పొట్ట తగ్గించడం, రోజూ నడవడం. ఇవి జబ్బు రాకుండా ఆపుతాయని గట్టిగా చెప్పలేం. కానీ పొగ తాగేవాళ్లు ఈ క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం ఎక్కువ, లావుగా ఉన్నవాళ్లకు ముదురు రకం వచ్చే అవకాశం ఎక్కువ. గుండెకు ఎలాగూ మంచివే.

బెంగళూరులో ఎక్కడికి

ఒక్క పీఎస్‌ఏకైతే మంచి పేరున్న ఏ ల్యాబైనా సరే, ఇంటికొచ్చి తీసుకెళ్తారు. అంకె ఎక్కువొచ్చాక యూరాలజిస్ట్ కావాలి. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో యూరాలజీ సంస్థ ఉంది. క్యాన్సర్ అని తేలినవాళ్లకు నిమ్హాన్స్ దగ్గర్లోని కిద్వాయ్ ఉంది. అక్కడ రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లాలి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లాలి.

ఆంధ్ర, తెలంగాణ ఆరోగ్య కార్డులు బెంగళూరులో ప్రతిచోటా చెల్లవు. ఆసుపత్రిలో చేరకముందే ఆ జబ్బుకు, ఆ ఆసుపత్రిలో కార్డు పనిచేస్తుందో లేదో కనుక్కోండి. ఇన్సూరెన్స్ సాధారణంగా వట్టి పరీక్షలకు డబ్బివ్వదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు మాత్రం ఆరోగ్య పరీక్షల ఖర్చు 5,000 రూపాయల దాకా ఆదాయ పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు.

ఒక్కో ల్యాబ్ వాడే కిట్‌ను బట్టి పీఎస్‌ఏ అంకె కాస్త మారుతుంది. ఈసారి బెంగళూరులో 3.1, వచ్చేసారి అనంతపురంలో 3.9 వస్తే అది జబ్బు పెరిగినట్టో, ల్యాబ్ మారినట్టో తెలియదు. నాన్నగారు ఏటా దసరాకో సంక్రాంతి తర్వాతో మీ దగ్గరికి వస్తుంటే పరీక్షను ఆ ప్రయాణానికే ముడిపెట్టి, ఒకే ల్యాబ్‌లో చేయించండి. రిపోర్టు ఫోటో ఆయన ఫోన్‌లోనూ ఉంచండి. ఊళ్లో డాక్టర్ అడిగినప్పుడు మీరు మీటింగ్‌లో ఉండొచ్చు.